క్యాలెండరు కింది పేరు

మొన్న తెనాలిలో నేను ఎప్పుడూ సరుకు తెచ్చుకునే బియ్యం కొట్టతను కొత్త క్యాలెండరు చేతిలో పెట్టాడు. రబ్బరు బ్యాండు తీయగానే ఇంకా పూర్తిగా ఆరని సిరా వాసన గుప్పుమంది. పైనున్న రేకు పట్టీ బల్ల అంచుకు గీసుకుని కీచుమంది. నేను బొమ్మ జోలికి పోకుండా అడుగున అచ్చేసిన కొట్టు పేరు, ఆ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు చదువుతుంటే కొట్టతను నవ్వాడు. "అందరూ దేవుణ్ణి చూసి కళ్ళకద్దుకుంటారండి. మీరేంటండి, మా కొట్టు పేరు చదువుతున్నారు?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వాసన తగిలితే నాకు సలోమి మేడమ్ గుర్తొస్తారు. మేడమ్ గుర్తొస్తే కోపం వస్తుంది. ఆవిడ మీద కాదు. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, చల్లార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

సలోమి మేడమ్ బాపట్లలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. లూథరన్ క్రైస్తవ కుటుంబం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, దూరాన ఉన్న ఒక మహానగరంలోని ట్రస్టు వాళ్ళు మన దేశపు అచ్చు బొమ్మల చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్ళకు డబ్బిస్తామని ప్రకటించారు. మేడమ్ వెంటనే రాసి పంపారు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఇళ్ళల్లో గోడలకున్న క్యాలెండర్ల చరిత్ర రాస్తానన్నారు. తోటి లెక్చరర్లు ఎగతాళి చేశారట. "క్యాలెండర్ల మీద పరిశోధనేంటండి, రాజులందరూ అయిపోయారా?" అన్నారట. "రాజులు మన ఇంటికెప్పుడైనా వచ్చారా? క్యాలెండరు వచ్చింది కదా" అని ఆవిడ జవాబు. డబ్బు మంజూరైంది. సాయానికి ఒక మనిషి కావాలని వెతుక్కుంటూ తెనాలిలో పుస్తకాలు బైండింగ్ చేసే మా నాన్న కొట్టుకు వచ్చి, ఎం.ఏ. చదివి ఉద్యోగం లేక అక్కడ కూర్చుని అట్టలు అతికిస్తున్న నన్ను పట్టుకున్నారు.

మొదటి రోజే తిట్లు తిన్నాను. ఆవిడ ఒక పాత క్యాలెండరు నా ముందు పరిచి ఏం కనబడుతోందో చెప్పమన్నారు. నేను చదువుకున్నదాన్ని కదా, రంగుల గురించి, నగల గురించి, వెనకున్న జలపాతం గురించి అనర్గళంగా మొదలుపెట్టాను. ఆవిడ చేత్తో బొమ్మంతా కప్పేశారు.

"బొమ్మ శివకాశి నుంచి వస్తుందమ్మా నూరీ. ఇదే బొమ్మ దేశంలో ఎన్ని ఊళ్ళల్లో ఉందో ఎవడికి తెలుసు. ఇక్కడిది ఏది? కింద చదువు."

కింద ఎరువుల కొట్టు పేరు, ఊరు పేరు, దాన్ని అచ్చేసిన తెనాలి ప్రెస్సు పేరు ఉన్నాయి. శివకాశి నుంచి బొమ్మలు అడుగున ఖాళీ జాగాతో వస్తాయి. ఆ ఖాళీలో కొట్టు పేరు అచ్చేసేది ఇక్కడి ప్రెస్సులవాళ్ళు. బైండింగు కొట్టులో పుట్టి పెరిగిన నాకు అది తెలియక కాదు. అది చూడాల్సిన సంగతని ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ రోజు నుంచీ నా కళ్ళు ఏ కాగితం మీదైనా ముందు అడుక్కే పోతాయి.

ఆవిడతో తిరగడమంటే బస్సుల్లో తిరగడమే. ఏ ఊరు వెళ్ళాలన్నా ముందుగా ట్రస్టు అనుమతి తీసుకోవాలని నిబంధన. నేను అదే గుర్తు చేస్తే బస్టాండులో అందరూ తిరిగి చూసేలా అరిచేవారు. "అనుమతి వచ్చేలోపు రేపల్లె బస్సు వెళ్ళిపోతుంది. ఎక్కు ముందు!" టికెట్ తీశాకే వాళ్ళకు కబురు పంపేవారు. ఇళ్ళల్లో మాత్రం ఆవిడంత నెమ్మదైన మనిషి లేరు. మా వైపు చాలా ఇళ్ళల్లో పాత క్యాలెండరు పారేయరు. దేవుడి బొమ్మను చెత్తలో వేయడానికి చేతులు రావు కదా. కొత్తది తెచ్చి అదే మేకుకు, పాతదాని మీదే తగిలిస్తారు. అలా ఒక్కో మేకు మీద ఒక తరమంతా పేరుకుపోయి ఉంటుంది. మేడమ్ ఆ కట్టను మేకు నుంచి తీయనిచ్చేవారు కాదు. ఒక్కొక్కటే పైకెత్తి పట్టుకుంటే నేను గోడతో సహా ఫొటో తీయాలి. ఏది దేని వెనక ఉందో అదే చరిత్ర అనేవారు.

పెనుమూడిలో ఒక రైతు ఇంట్లో లక్ష్మీదేవి బొమ్మ కింద రేపల్లె ఎరువుల కొట్టు పేరు చూశాం. అదే ఊళ్ళో చర్చి వెనక ఇంట్లో గొర్రెపిల్లను భుజాన వేసుకున్న యేసు ప్రభువు కింద అదే కొట్టు పేరు. సాయంత్రం టీ తాగుదామని రేపల్లెలో మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాను. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్న గోడ అది. మదీనా ఆకుపచ్చ గుమ్మటం బొమ్మ, దాని కింద అదే కొట్టు, అదే సంవత్సరం. మేడమ్ టీ గ్లాసు కింద పెట్టి తిన్నగా ఆ కొట్టుకు నడిచారు.

కొట్టు యజమాని, పెద్దాయన, అదొక ప్రశ్నా అన్నట్టు చూశాడు. "ఎవరింటి గోడకు ఏది ఎక్కుతుందో చూసి ఇవ్వాలి కదండి. లేకపోతే చుట్ట విప్పకుండానే అటక మీద పడేస్తారు. మూడు రకాలు తెప్పిస్తాం, కింద మా పేరు ఒకటే కొట్టిస్తాం. ఎరువు అందరూ చల్లాల్సిందేగా అండి."

తిరుగు బస్సులో మేడమ్ కిటికీ పక్కన కూర్చుని పాటలు పాడారు. ఆవిడ పాడగా వినడం అదే మొదలు, అదే ఆఖరు. "చూశావా నూరీ, పైన చూస్తే మూడు మతాలు. కింద చూస్తే ఒక కొట్టు, ఒక ఊరు. ఆ కింది ముక్క లేకపోతే ఈ మూడూ ఎప్పటికీ ఒకదాన్నొకటి చూసుకోవు" అన్నారు.

ఈ సంగతి రాసి పంపితే ట్రస్టు డైరెక్టరమ్మ ఏసీ కారులో స్వయంగా దిగింది. చేనేత చీర, పెద్ద బొట్టు, మాటకు ముందు ఒక మెచ్చుకోలు. బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నాయో అంది. తమ నగరంలో పెద్ద ప్రదర్శన పెడతామని, ఫొటోలు చాలవని, అసలు క్యాలెండర్లే కావాలని అంది. కింది అక్షరాలు మాత్రం బొమ్మకు అడ్డంగా ఉన్నాయట.

"అడ్డం కాదండి, అసలు సంగతే అది" అన్నారు మేడమ్.

డైరెక్టరమ్మ చిరునవ్వు చెదరలేదు. అసలువి ఇవ్వకపోతే రెండో ఏడాది డబ్బు ఇప్పించడం కష్టమని మెత్తగా చెప్పింది. మేం అప్పటికి నిజాంపట్నం వైపు ఇళ్ళు చూడనే లేదు. సముద్రపు ఉప్పుగాలికి అక్కడ కాగితం ఎన్నాళ్ళో నిలవదని మేడమ్ రోజూ ఆత్రపడేవారు. ఆ ఆత్రాన్ని పట్టుకుని మెలిపెట్టింది ఆ మహాతల్లి. డబ్బిచ్చేవాళ్ళకు ఎదుటి మనిషి ఎక్కడ వంగుతాడో బాగా తెలుస్తుంది. కింది పేరు ముట్టుకోకూడదు, ప్రదర్శన అవగానే తిరిగివ్వాలి అని రెండు షరతులు పెట్టి మేడమ్ ఒప్పుకున్నారు. డైరెక్టరమ్మ తలూపింది. తర్వాత మేడమ్ ఇంటింటికీ తిరిగి, "నాది పూచీ, మీ గోడకు మళ్ళీ నేనే తగిలిస్తాను" అని చెప్పి మరీ అడిగి తెచ్చారు. ఆ ఇళ్ళవాళ్ళు ఇచ్చింది ట్రస్టుకు కాదు, ఆవిడ మాటకు.

పటాలు కట్టడానికి తెనాలిలోనే ఒకతనికి ఇచ్చాం. అన్నీ సిద్ధమయ్యాయి, ట్రస్టు వ్యాను వచ్చిందని కబురొస్తే ఇద్దరం వెళ్ళాం. గోడవారన వరసగా పటాలు. లక్ష్మి పాదాల దగ్గర ఆగిపోయింది బొమ్మ. యేసు ప్రభువు అంగీ అంచు దగ్గర ఆగిపోయింది. కింద ఏమీ లేదు.

"ఎవరు కొయ్యమన్నారయ్యా?" మేడమ్ గొంతు వీధిలోకి వినబడింది.

అతను తెల్లమొహం వేశాడు. "డైరెక్టరు గారు ఫోన్ చేశారండి, కింద కోసెయ్యమన్నారు. అయినా కొయ్యకుండా పటం ఎలా కడతామండి? ఎవరు తెచ్చినా కోసే కడతాం కదా. దేవుడి కాళ్ళ కింద యూరియా అని ఉంటే బాగుంటుందా చెప్పండి?"

అతను అన్నదీ నిజమే. ఏడాది అయిపోయాక తేదీలు, కొట్టు పేరు కత్తిరించి దేవుడిని పటం కట్టించుకోవడం మా వైపు ఇళ్ళల్లో అలవాటే. అది తెలిసే మేడమ్ ముందుగా అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చారు. ఆ మాటను ఒక్క ఫోనుతో కొట్టేశారు.

"ముక్కలేవి?"

"పారెయ్యలేదండి. మంచి దళసరి కాగితం. దుమ్ము పోకుండా పటాల వెనకాల అతికించేశా."

ఒక పటం తిప్పి చూపించాడు. యేసు ప్రభువు వీపున ఇంకేదో చీరల కొట్టు పేరు. చేతికి ఏ ముక్క వస్తే అది వేసేశాడు. పీకుదామంటే జిగురు ఆరిపోయింది, చిరిగిపోతాయి. మేడమ్ అక్కడున్న బల్ల మీద కూలబడ్డారు. బయట వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు. మేడమ్ లేచి, "ఇతని మీద కోప్పడకు నూరీ. ఇతను పటం కట్టాడు. కోసింది వాళ్ళు" అన్నారు.

పటాలు అలాగే వ్యానెక్కాయి. ప్రదర్శనకు మమ్మల్ని పిలిచారు, వెళ్ళాం. మూడు గదులు. ఒకదాంట్లో హిందూ దేవుళ్ళు, ఒకదాంట్లో క్రైస్తవం, ఒకదాంట్లో ఇస్లాం. ఒక్కో గదికి ఒక్కో రంగు దీపాలు. చేతుల్లో గ్లాసులతో పెద్దమనుషులు. ఎక్కడా రేపల్లె లేదు, తెనాలి లేదు. మేడమ్ చెప్పులు విడిచి, లక్ష్మీదేవి పటాన్ని రెండు చేతులా మేకు నుంచి ఎత్తి, వెనకున్న కొట్టు పేరు కనబడేలా తిప్పి గోడకు ఆనించి నేల మీద పెట్టారు. తర్వాత పక్కదీ. అందరూ అదేదో కార్యక్రమంలో భాగమనుకుని చూస్తున్నారు. డైరెక్టరమ్మ పరుగున వచ్చింది.

"మేడమ్, ఇది మీ ఇల్లు కాదు."

"అవునండి. మా ఇల్లయితే ఇన్ని గదులుండవు, మేకు ఒకటే ఉంటుంది."

మమ్మల్ని బయటకు పంపారు. మర్యాదగానే పంపారు, మోచెయ్యి పట్టుకుని. డబ్బు ఆగిపోయింది. అది మేం ఊహించిందే. ఊహించనిది రెండోది. పటాలు తమ ఖర్చుతో కట్టించారు కాబట్టి అవి ఇక ట్రస్టువేనట, తిరిగివ్వరట! వాటి చట్రం వాళ్ళది కావచ్చు. లోపలున్నది పెనుమూడి గోడది కాదా? మేడమ్ రాసిన ఉత్తరాలకు జవాబు కూడా ఇవ్వలేదు. పరిశోధనకు డబ్బిస్తున్నామని గొప్పలు పోయే ఈ పెద్దల కంటే ఇంట్లో దూరిన దొంగ నయం, వాడు కనీసం సన్మానం చేయించుకోడు.

అయినా ఆవిడ పెనుమూడి వెళ్ళడం మానలేదు. నేనైతే ఆ ఊరి ముఖం చూడలేకపోయేదాన్ని. ఆ రైతు తల్లి అరుగు మీద కూర్చుని, "మా లక్ష్మిని ఎప్పుడు తెస్తావమ్మా?" అని అడిగేది, నిష్ఠూరంగా కూడా కాదు. మేడమ్ ప్రతిసారీ నిలబడి, "ఇంకా ఇవ్వలేదమ్మా, అడుగుతూనే ఉన్నా" అని చెప్పి వచ్చేవారు. తన పెన్షను డబ్బుతో నిజాంపట్నం కూడా తీసుకెళ్ళారు నన్ను. అప్పటికి ఆలస్యమైంది. ఎవరో చెప్పిన ఇంటికి వెళితే, గోడలకు కొత్తగా రంగులు వేస్తూ పాత క్యాలెండర్లన్నీ సముద్రంలో కలిపేశామన్నారు. కొన్నేళ్ళకు మేడమ్ పోయారు. లక్ష్మిని తెస్తానన్న మాట తీరకుండానే పోయారు. దీన్ని నేను క్షమించను.

బియ్యం కొట్టు నుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే ఫోను. ఆ ట్రస్టు నుంచి ఒకాయన, చాలా మర్యాదగా. పాత బొమ్మలను బాగుచేయడానికి కొత్తగా డబ్బు వచ్చిందట. పటాల వెనక ఏవో తెలుగు అక్షరాల చెత్త కాగితాలు అతికించి ఉన్నాయట. శుభ్రం చేసేటప్పుడు వాటిని తడిపి తీసి పారేయవచ్చా అని, పాత కాగితాల్లో నా పేరు కనబడి అడుగుతున్నాడు.

నా గొంతు నాకే మేడమ్ గొంతులా వినబడింది. "తడపండి. మెల్లగా తీయండి. ఒక్కటి పారేశారో, మీ గుమ్మంలో కూర్చుంటాను. ఏ ముక్క ఏ బొమ్మదో చెప్పే ఫొటోలు నా దగ్గరున్నాయి. అతికించాక అవి వెళ్ళేది మీ గదుల్లోకి కాదు, వాటి ఇళ్ళకు."

ఆయన కంగారుపడ్డాడు. అంత పెద్ద విషయం తాను చెప్పలేనని, పైవాళ్ళను అడిగి అనుమతి తీసుకుని మళ్ళీ ఫోన్ చేస్తానని అన్నాడు.

అడగమన్నాను. ఫోను పెట్టేసి, స్టేషనుకు వెళ్ళి ఆ మహానగరానికి టికెట్ తీసుకున్నాను.