నల్ల ఉమ్మెత్త కాయలు

పటమటలో మా పెరటి గోడ పక్కన నల్ల ఉమ్మెత్త మనిషెత్తు పెరిగింది. నల్లని కాండం, ఊదారంగు పూలు. నా భార్య శారద నాటింది. ఆమె పోయాక కూడా పక్కింటి మామ్మగారు సోమవారం సోమవారం వచ్చి శివపూజకు పూలు కోసుకుంటున్నారు.

ఈ ఉదయం ఆవిడ పూలతో పాటు ముళ్ళ కాయలూ ఒడిలో వేసుకోవడం చూశాను.

"కాయలెందుకండీ?"

"మనవడికి కోరింత దగ్గు మాస్టారూ. గింజలు నూరి తేనెలో కలిపి వాడి చేత నాకిస్తా."

"అది విషమండీ! పిల్లాడు దక్కడు."

"విషం తెల్ల ఉమ్మెత్తండీ. ఇది నల్లది, శివుడికి పెట్టేది. మీ ఆవిడుంటే తనే కోసిచ్చేది."

నేను ఆవిడ ఒడిలోంచి కాయలు లాక్కున్నాను. పిల్లవాణ్ణీ తల్లినీ రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరకు పంపాను. మామ్మగారు పూలు కూడా నా గుమ్మంలో పారబోసి వెళ్ళారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పక్కింట్లో మాత్రం నా మాట చెల్లదు.

సాయంత్రం పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. శారద నాటిన వాటిలో మిగిలింది ఈ మొక్క ఒక్కటే. పీకడానికి చేతులు రాలేదు. కాయలన్నీ కోసి గోతిలో కప్పెట్టాను.

గోడ అవతల పిల్లవాడు ఆగకుండా దగ్గుతున్నాడు. మామ్మగారు కోడలితో అంటున్నారు: "డాక్టరు మందు పని చేస్తేనా! ఏడవకే. చెట్టు నిండా మొగ్గలున్నాయి, కాయలు రాకపోవు."

పార ఇంకా నా చేతిలోనే ఉంది. మీరైతే పీకేస్తారా?