తిట్టు వెనక లెక్క

నిరుడు ప్రతి ఆదివారం నేను అనంతపురంలో బస్సెక్కి బెళుగుప్ప దగ్గరి ఒక పల్లెకు వెళ్లేదాన్ని. అక్కడి బడిలో, చదువులో వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని చదివించే పని. జీతం లేదు, నా ఇష్టంతో ఒప్పుకున్నదే. నాకు అప్పగించిన పిల్ల ఏడో తరగతి. మొదటి రోజే లెక్క తప్పగానే పెన్సిల్ విసిరికొట్టి "నీ యబ్బ!" అంది. ఆ వెనకే వచ్చినవి ఇక్కడ రాయలేను.

"అట్లా మాట్లాడకూడదు పాపా" అన్నాను. మూడు వారాలు అదే చెప్పాను. నాలుగో వారం, ఇంకోసారి తిడితే పుస్తకం మూసేస్తానన్నాను. తిట్టింది. మూసేశాను. ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది.

మనసు ఊరుకోక, వాళ్ల అవ్వకు చెబుదామని ఇంటికి వెళ్లాను. అమ్మా నాయనా బెంగళూరులో కట్టడం పనుల్లో ఉంటే ఆ అవ్వే పిల్లను సాకుతోంది. నేను నోరు తెరిచేలోపే మేకొకటి నా సంచిలో మూతి పెట్టింది.

"నీ యబ్బ, దూరం పో!" అని అవ్వ దాన్ని అదిలించి, నావైపు తిరిగి మెత్తగా అడిగింది. "చెప్పు తల్లీ, మా పిల్ల ఏమన్నా చేసినాదా?"

నాకు నవ్వొచ్చింది. "ఏం లేదవ్వా, ఊరికే చూసిపోదామని వచ్చినా" అన్నాను. అవ్వ ఇచ్చిన చల్లటి మజ్జిగ తాగి బయల్దేరితే, పిల్ల బస్సు దాకా వెంట వచ్చింది.

"లెక్కల కాడే ఎందుకు తిడతావు?" అని అడిగాను.

దోవలో రాయిని కాలితో తన్నుకుంటూ చెప్పింది. "నాకు భాగహారం మూడో తరగతి నుంచే రాదక్కా. ఎవురికీ చెప్పలే. బోర్డు కాడికి పిలుస్తారేమోనని భయమైతాది. అప్పుడు నోట్లో అదే వస్తాది."

నాకు సిగ్గేసింది. ఆ తిట్టు ఎప్పుడొస్తోందో ఒక్కసారైనా గమనించలేదు.

"ఇకమీద తిట్టు వచ్చేటప్పుడు, ఏది తెలీలేదో నాకు చెప్పు. చాలు" అన్నాను.

మరుసటి వారం దోసెడు చెనక్కాయలు ముందు పోసుకుని, నలుగురికి పంచడంతో భాగహారం మొదలుపెట్టాం. చలికాలానికి మూడంకెల లెక్కలు చేయసాగింది. తిట్లు పూర్తిగా పోలేదు, ఎప్పుడైనా ఒకటి జారేది. జారగానే నాలుక కరుచుకుని "అక్కా, ఈడ తెల్లేదు" అనేది. బస్సు ఆలస్యమైన రోజుల్లో బడి మెట్ల మీద కూర్చుని ఇంకో లెక్క అడిగి మరీ చేసేది. హాయిగా ఉండేది నాకు.