పొడుగు చేతుల చొక్కా

మంగళవారం పొద్దున్నే ఆఫీసుకి క్యారేజీ సర్దుకుంటుంటే ఫోను మోగింది. నా నేస్తం భర్త. “అక్కా, తను పోయింది” అన్నాడు. రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్న మనిషి. ఎప్పుడో ఒకరోజు ఈ ఫోను వస్తుందని తెలుసు. క్యారేజీ అక్కడే వదిలేసి ఖమ్మంలో తిరువూరు బస్సెక్కాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే మా ఊళ్ళో కొందరు ఇప్పటికీ “ఆ నోరుగల పిల్లా?” అంటారు. అవును, ఆ పిల్లే. ఆ నోరే లేకపోతే నేను ఇవాళ ఉండేదాన్ని కాదేమో.

తిరువూరు హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ళమ్మని నేను పిన్ని అనేదాన్ని. పిన్ని పొద్దున షేర్ ఆటోలో గంపలగూడెం వైపు పత్తి తీతకి వెళ్ళేది, శనివారం సాయంత్రం మా చర్చి ఊడ్చి కడిగేది. మా నాన్న గవర్నమెంటు ఉద్యోగి, ఆ చర్చిలోనే సంఘపెద్ద. ప్రార్థన ఎంత బాగా చేసేవారంటే, వింటున్న ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక బెల్టు తీసేవారు. మార్కులు తగ్గితే కొట్టేవారు, గ్లాసు జారినా కొట్టేవారు, ఒక్కోసారి కారణం నాకే తెలిసేది కాదు. ఆ చప్పుడు వినపడకుండా అమ్మ వంటింట్లో కుళాయి తిప్పేది. చేతుల మీద వాతలు తేలేవి కాబట్టి నా యూనిఫారాలన్నీ పొడుగు చేతులతోనే కుట్టించారు.

ఒంటిపూట బడుల రోజుల్లో కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే నా చొక్కా చెయ్యి పైకి జరిగింది. నా నేస్తం పక్కనే ఉంది, చూసింది. మర్నాడు వాళ్ళ నాన్న పాత తెల్లచొక్కా యూనిఫారం మీద తొడుక్కుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వచ్చింది. మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు కదా. క్లాసంతా నవ్వింది. డ్రిల్లు సారు ఏంటీ వేషం అని అడిగితే, “మా ఇద్దరికీ ఎండ పడదు సార్” అంది. ఆ రోజు నుంచి నన్నొక్కదాన్నే వేలెత్తి చూపించేవాళ్ళు లేకుండా పోయారు. ఇద్దరం పిచ్చివాళ్ళమయ్యాం.

ఇంటర్వెల్లో పచ్చిమామిడి ముక్కకి ఉప్పూకారం అద్ది నా నోట్లో కుక్కి, “భయం వేస్తే వెయ్యనీవే, నోరు మాత్రం తెరువు” అనేది. దాని దగ్గర తప్ప నేను తెరిచేదాన్ని కాదు. చివరికి ఓరోజు, “నీవల్ల కాకపోతే నేను చెప్తా. ఎవరైనా నిన్నడిగితే ఊ అను, చాలు” అంది. ఎక్కడ చెప్తుందో, ఎప్పుడు చెప్తుందో నాకు తెలియదు.

మా సంఘంలో శుక్రవారం సాయంత్రాలు వారానికొకరి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. పాటలయ్యాక సాక్ష్యాలు. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. సాక్ష్యం చెప్పేవాళ్ళని మధ్యలో ఎవరూ ఆపరు. వాళ్ళే “ప్రభువుకు స్తోత్రం” అని ముగిస్తే అందరూ “స్తోత్రం” అంటారు, అప్పుడు కూర్చుంటారు. చిన్నపిల్ల లేచినా అదే పద్ధతి.

ఆ వారం శుక్రవారం కూటం మా ఇంట్లో. నాన్న పాస్టరయ్యగారి పక్కన కూర్చున్నారు. నా నేస్తం లేచింది. ముందున్న ప్లాస్టిక్ కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని అందరికీ వందనాలు చెప్పింది. “నా ఫ్రెండ్ కోసం ప్రార్థన చెయ్యండి. వాళ్ళ నాన్నగారు దాన్ని బెల్టుతో కొడతారు. ఈ ఇంట్లోనే. వాతలు కనపడకుండా పొడుగు చేతులు వేసి బడికి పంపిస్తారు” అంది.

నాన్న నవ్వుముఖం చెరగనివ్వలేదు. “కూర్చో అమ్మా, పిల్లలు ఇలాంటివి మాట్లాడకూడదు” అన్నారు.

“నా సాక్ష్యం ఇంకా అవ్వలేదండి.”

వాళ్ళ నాన్న వెనకనుంచి పరికిణీ పట్టి లాగుతున్నాడు. అది కుర్చీ వదల్లేదు. స్తోత్రం అననిదే ముగిసినట్టు కాదు, అది అనడం లేదు. పాస్టరమ్మగారు నావైపు తిరిగి నిజమేనా అని అడిగారు. నాన్న నన్నే చూస్తున్నారు. అదీ నన్నే చూస్తోంది.

“ఊ” అన్నాను.

అప్పుడు అది, “ప్రభువుకు స్తోత్రం” అని కూర్చుంది. గదిలో ఎవరూ తిరిగి స్తోత్రం అనలేదు. కాసేపటికి వంటింటి గుమ్మంలోంచి ఒక్క గొంతు “స్తోత్రం” అంది. మా అమ్మ.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను తీసుకుని పెనుగొలనులో అమ్మమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. నాన్నకి ఏమీ కాలేదు. పెద్దరికం పోలేదు, ప్రార్థనలు ఆగలేదు. శిక్ష పడింది నా నేస్తం వాళ్ళకి. పిన్నిని చర్చి ఊడవడానికి రావద్దన్నారు. పిల్లని అదుపులో పెట్టుకోలేని వాళ్ళని పనికి పిలవడం చాలామంది మానేశారు. పదో తరగతి పరీక్షలు అయ్యాయో లేదో, అది తల్లితో పాటు మిరపకోతకి వెళ్ళింది. నేను డిగ్రీ చదివాను. నాకు ఇప్పటికీ ఇది మింగుడుపడదు.

పెద్దయ్యాక ఒకసారి ఆ మాట ఎత్తి ఏడిస్తే కసిరింది. “నీకోసం కాదే తల్లీ. ఆ ఎండల్లో మా నాన్న చొక్కా వేసుకోలేక చస్తున్నా, ఇంక నావల్ల కాక చెప్పేశా” అంది.

కిడ్నీలు పాడయ్యాక డయాలసిస్ సూదులు పొడిచీ పొడిచీ ఎడమచేతి నరాలు తాళ్ళలా ఉబ్బాయి. జనం అదేపనిగా చూస్తున్నారని పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. నాలుగూళ్ళకి వినపడే గొంతున్న మనిషి, చెయ్యి దాచుకోవడం చూశాను. తర్వాత ఎప్పుడు చూడబోయినా నేనూ పొడుగు చేతులవే వేసుకెళ్ళాను. మొదటిసారే కనిపెట్టింది. నా చెయ్యి తడిమి, “నీకూ ఎండ పడట్లేదా?” అని నవ్వింది. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడు చెయ్యి చీరకొంగు కింద పెట్టుకోవడం మానేసింది.

పొడుగు చేతుల చొక్కాతోనే సమాధి దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పెట్టెలో తెల్లచీర, మణికట్టు దాకా తెల్లజాకెట్టు. పిన్ని నన్ను చూసి, ఈ ఎండలో నీకెందుకమ్మా ఆ పొడుగు చేతులు అంది. పిన్ని నా చెయ్యి చూసింది, పెట్టెలో కూతురి చెయ్యి చూసింది, నా మణికట్టు గుండీ సర్దింది.

సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే చెప్పండి అన్నారు అయ్యగారు. ఎవరూ లేవలేదు. నేను ముందుకెళ్ళి ఆ శుక్రవారం జరిగింది మొదటి నుంచీ చెప్పాను. ఆనాటి వాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. నేను స్తోత్రం అనగానే అందరికంటే ముందు పిన్ని గొంతు వినపడింది.

మన్ను వేసేటప్పుడు ఎవరో చొక్కా చేతులు పైకి మడుచుకోమన్నారు. మడవలేదు. వంగి పిడికెడు తీసి వేశాను. ఆ చొక్కా ఇంకా ఉతకలేదు. వంకీకి తగిలించి ఉంది, కుడిచేతి అంచున ఎర్రమట్టితో.