కార్డు చూపించండి మామగారూ

కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో ఈ దేశం నా భుజాల మీదే నడుస్తోందని నాకు గట్టి నమ్మకం ఉండేది. విజయవాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాని. రోడ్డు మీద ఎవరైనా అరటితొక్క పారేస్తే వెనక్కి పిలిచి తీయించేవాణ్ణి. సిటీ బస్సులో టిక్కెట్టు తీసుకోనివాణ్ణి కండక్టరు కంటే ముందు నేనే పట్టుకునేవాణ్ణి. పటమటలో నా గదిలో ఉండే స్నేహితుడు "ఒరే, నువ్వు పుట్టకముందు కూడా దేశం ఉందిరా" అని విసుక్కునేవాడు. అలాంటి నాకు ఎన్నికల డ్యూటీ పడింది. ఆఫీసులో మిగతావాళ్ళంతా లేని నడుంనొప్పులు తెచ్చుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటే, నేను మాత్రం ఆర్డరు కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. (నవ్వకండి. బొట్టు కూడా పెట్టాను.)

పోలింగుకి ముందు ఆదివారమే నా పెళ్ళిచూపులు. చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో చేనేత బట్టల కొట్టున్న పెద్దమనిషి కూతురు. మాదీ మగ్గాల కుటుంబమే కాబట్టి పెద్దవాళ్ళు నూలు ధరల గురించి మాటల్లో పడి, "మీరూ కాసేపు మాట్లాడుకోండి" అని మమ్మల్ని వరండాలోకి పంపేశారు. ఆడపిల్ల ఎదురుగా కూర్చుంటే తలెత్తే ధైర్యం నాకు పుట్టుకతోనే లేదు. చేతిలో ఉన్న పెసరట్టు ప్లేటు కేసి చూస్తూ, ఆ సమయంలో నా బుర్రలో ఉన్న ఒకే ఒక్క విషయం, అంటే పోలింగు ట్రైనింగులో విన్నదంతా, ఆమెకి అప్పజెప్పాను. ఓటు విలువ ఏమిటి, పౌరుడి బాధ్యత ఏమిటి, గుర్తింపు కార్డు లేకపోతే ఎంతటివాణ్ణయినా ఎందుకు వెనక్కి పంపాలి, అన్నీ. ఆమె ఓపిగ్గా విని "ఇప్పుడు చెప్పినవన్నీ మీరు చేస్తారా?" అని ఒక్క మాట అడిగింది. "ప్రాణం పోయినా చేస్తాను" అన్నాను పెసరట్టుతో. ఇంటికొచ్చాక అమ్మ "పిల్ల ఎలా ఉందిరా?" అంటే నాకు గుర్తున్నవి కాలి పట్టీలు మాత్రమే. కానీ ఆ గొంతు మాత్రం చెవుల్లోంచి పోలేదు. చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకుంటానని చెప్పేశాను. వాళ్ళేమో ఎన్నికలయ్యాక కబురు చేస్తామన్నారు.

పోలింగు ముందు రోజు పెట్టెలు, మెషిన్లు పంచేచోట నా చేతికొచ్చిన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాను. నా పోలింగు బూత్ ఆ అమ్మాయి ఊరి బడిలోనే. సాయంత్రానికి బెంచీలు జరుపుకుని మేం సర్దుకుంటూ ఉంటే, కాబోయే మామగారి కొట్లో పనిచేసే మనిషి పెద్ద క్యారేజీతో దిగాడు. మూత తీయకముందే గారెల వాసన, గోంగూర వాసన గదంతా కమ్ముకుంది. నేను ఛాతీ విరుచుకుని "డ్యూటీలో ఉండగా ఊళ్ళోవాళ్ళ దగ్గర భోజనం పుచ్చుకోకూడదండీ" అని దాన్ని అలాగే తిప్పి పంపేశాను. మా ప్రిసైడింగ్ ఆఫీసరు, రిటైరుమెంటుకి దగ్గర పడిన హెడ్మాస్టారు, గుమ్మం దాటిపోతున్న క్యారేజీ కేసి చూస్తూ "నాయనా, ఆ గోంగూరకి ఏ పార్టీతోనూ సంబంధం లేదేమో, ఒకసారి కనుక్కోవాల్సింది" అన్నారు. ఆ రాత్రి మా జట్టంతా బిస్కెట్లు తిని పడుకుంది.

పొద్దున్నే పోలింగు మొదలైంది. ఓటరు కార్డు చూసి, పేరు జాబితాలో వెతికి, ఏజెంట్లకి వినపడేలా గట్టిగా చదవడం నా పని. మొదట్లోనే కాలవగట్టు మీదుండే ఒక మామ్మ చీటీ ఒక్కటే పట్టుకుని వచ్చింది. ఫొటో ఉన్న కార్డేదైనా తెమ్మన్నాను. "ఎండ నెత్తికెక్కుతోంది బాబూ, ఎల్లి రావాలంటే మాటలా" అంది. నేను వినలేదు. పాపం, గొణుక్కుంటూ వెళ్ళింది.

పది దాటాక లైన్లో ఒక్కసారిగా నమస్కారాలు వినిపించాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో కాబోయే మామగారు. నా టేబులు ముందుకొచ్చి, నవ్వుతూ చీటీ ఇచ్చి, "ఏం బాబూ, రాత్రి క్యారేజీ పంపితే తిప్పి పంపారంట?" అన్నారు. నేను గొంతు సవరించుకుని "కార్డు చూపించండి" అన్నాను. ఆయన ఇంకా నవ్వుతూనే "భలేవారే, మొన్న ఆదివారమేగా మా ఇంట్లో పెసరట్టు తిన్నారు" అన్నారు. "అవునండీ, చాలా బాగుంది. కార్డు?" అన్నాను. నవ్వు ఆగిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "ఈ గదిలో నువ్వూ, నీ జట్టూ, ఆ గుమ్మంలో పోలీసాయనా తప్ప అందరూ కట్టుకున్నవి నా కొట్లో బట్టలే. అడుగు, ఎవర్నయినా అడుగు, నేనెవరో!" పొద్దుట్నించి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీల ఏజెంట్లూ ఒకే గొంతుతో "ఆయన మాకు బాగా తెలుసండీ" అన్నారు. హెడ్మాస్టారి కేసి దీనంగా చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ "రూలు నీకు తెలుసు, ఆయనా నీకు తెలుసు. నేనేం చెప్పేది?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, అప్పటికి నా దేశభక్తి సగం నీరుగారిపోయింది. ఒక్క పేరు చదివేస్తే పెళ్ళవుతుంది, ఎవరికీ నష్టం లేదు అని మనసు ఒకటే పీకుతోంది. పెన్ను జాబితా మీద పెట్టేశాను కూడా. సరిగ్గా అప్పుడే మామగారి భుజం వెనకనించి ఒక ముడతల మొహం తొంగి చూసింది. పొద్దున నేను వెనక్కి పంపిన మామ్మ. చెమటలు కక్కుతూ, కార్డుని చీర కొంగుతో తుడుస్తూ, "ఏం బాబూ, ఈయన కార్డు గూడా ఇంటికాడే ఉండిపోయిందా?" అంది. అందులో ఎత్తిపొడుపేం లేదు. ఊరికే కనుక్కుంది, అంతే. నేను పెన్ను తీసేశాను. "దయచేసి కార్డు తీసుకురండి మామగారూ" అనేశాను కంగారులో. గది మొత్తం గొల్లున నవ్వింది. ఇంకా కబురే రాలేదు, మామగారేమిటి! ఆయన ఎర్రబడిన మొహంతో గిర్రున తిరిగి వెళ్ళిపోయారు. ఆ వెనకాలే నా పెళ్ళి కూడా వెళ్ళిపోతున్నట్టు కనిపించింది. మామ్మ మాత్రం దర్జాగా ఓటేసి, సిరా పెట్టిన వేలు ఊదుకుంటూ పోయింది.

మధ్యాహ్నం ఎండ మండిపోతున్నప్పుడు ఆయన మళ్ళీ వచ్చారు. కార్డు నా ముందు పెట్టారు. నేనూ ఫొటో ఓసారి, ఆయన్ని ఓసారి చూసి పేరు చదివాను. ఆ తరవాత టేబులు మీదికి ఇంకో కార్డు వచ్చింది. గాజుల చెయ్యి. ఫొటో చూశాను. మొహంతో పోల్చి చూసుకోవడం రూలు కాబట్టి చచ్చినట్టు తలెత్తాను. ఆమె నవ్వు ఆపుకుంటూ "సరిగ్గా చూసుకోండి. మొన్న చూడలేదుగా" అంది. చూశాను. రూలు అడిగినదానికంటే కాస్త ఎక్కువసేపే చూశాను. హెడ్మాస్టారు దగ్గి, "నాయనా, వెనక లైనుంది" అన్నారు. ఆ పేరు మాత్రం ఏజెంట్లు అడక్కుండానే రెండుసార్లు చదివాను.

ఆ మధ్యలో వాళ్ళింట్లో ఏం జరిగిందో తరవాత ఆమే చెప్పింది. మామగారు చెప్పులు విసిరికొట్టి "ఈ సంబంధం మనకొద్దు" అన్నారట. "సంబంధం సంగతి సాయంత్రం చూద్దాం, ముందు పోయి ఓటేసొద్దాం పదండి నాన్నా. ఆయన చెప్పిన మాట చేసే మనిషి, అది తేలిపోయిందిగా" అని ఈమె బీరువాలోంచి రెండు కార్డులూ తీసిందట. వారం తిరక్కుండా కబురొచ్చింది. పెళ్ళినాడు ఎదురుకోలులో మామగారు పానకం గ్లాసు పట్టుకుని నా ముందు నిలబడి, "ముందు కార్డు చూపించు బాబూ" అన్నారు. పట్టుపంచెకి జేబుంటుందా? బంధువులంతా పగలబడి నవ్వుతుంటే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. ఇప్పటికీ పటమటలో మా ఇంటికొస్తే తలుపు తీయగానే ఆయన జేబులోంచి కార్డు తీసి నా మొహం ముందు పెట్టాకే లోపలికొస్తారు.

మొన్న ఎన్నికలప్పుడు నాకు డ్యూటీ పడలేదు. అందరితో పాటు లైన్లో నించున్నాను. టేబులు వెనక కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. "కార్డండీ" అన్నాడు. జేబు తడుముకున్నాను. లేదు. ఉక్కబోతకి చిరాకెత్తి "నేనెవరో తెలుసా బాబూ, ఈ పనే నేను..." అని మొదలుపెట్టాను. ఆడవాళ్ళ లైన్లోంచి మా ఆవిడ చెయ్యి చాపి, హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన నా కార్డు టేబులు మీద పెట్టింది. నవ్వింది. కుర్రాడు కార్డులో ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. నేనూ వంగి చూశాను. ఒత్తయిన జుట్టు, పలచటి మీసం, దేశాన్నంతా మోస్తున్నట్టు బిగించిన దవడ. "ఇందులో ఉన్నది మీరేనాండీ?" అన్నాడు కుర్రాడు.

"ఒకప్పుడు నేనే బాబూ" అన్నాను. "సరిగ్గా చూసుకో."