నేను చెప్పించబోయిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంటి చుట్టూ బండలు పేలుతుండేవి. ఈ మాట చెబితే మా ఆదివారపు బడి పిల్లలు నమ్మరు. వాళ్లు పుట్టేసరికే ఆ బండలున్న చోట అద్దాల మేడలు లేచాయి మరి. తొంభైల చివర్లో కొండాపూర్ నుంచి మదీనాగూడ వైపు పోయే దారి పక్కన ఉండేవాళ్లం. అవతల హైటెక్ సిటీ లేస్తోంది, ఇవతల దానికి రోడ్లు, ఆ రోడ్లకు అడ్డమొచ్చిన గుట్టలు. రాళ్లకు తూట్లు వేసి, మందు కూరి, ఎక్కువగా మధ్యాహ్నం కూలీలు అన్నాలకు లేచే వేళ పేల్చేవారు. ముందుగా ఒకతను ఎర్రగుడ్డ ఊపుతూ మూడుసార్లు ఈల వేసేవాడు. కాసేపటికి నేల అదిరేలా చప్పుడు. మాకు అదెంత అలవాటంటే, ఈల వినబడగానే మా అమ్మ పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టేది, అంతే.

మా ఇంటికి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డే చర్చి. మా నాన్నగారు దానికి పాస్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చి, బతుకుతెరువు కోసం నగరం చేరిన నలభై కుటుంబాలను పోగుచేసుకున్నారు. ఆదివారం ప్రసంగం మధ్యలో ఈల వినబడితే నాన్నగారు చెయ్యెత్తి ఆగేవారు. చప్పుడు అయిపోయి, రేకుల మీది దుమ్ము మా నెత్తిన రాలాక, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. ఈల వేసేలోపు ప్రసంగం ముగిస్తే బాగుండునని లోలోపల ప్రార్థించుకునేవాళ్లు మా సంఘంలో కొందరుండేవారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని.

ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద మా నాయనమ్మ కూర్చునేది, ఆమె పక్కన నేను. నాయనమ్మకు చిన్న అక్షరాలు ఆనేవి కావు. వాక్యం చదివేటప్పుడు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చదివి వినిపించే పని నాది. ఆ చోటు నా పేరున ఎవరూ రాసివ్వలేదు గానీ, రిజిస్ట్రీ అయినంత ధీమాగా ఉండేదాన్ని.

నాకు పన్నెండేళ్లప్పుడు మా చర్చికి ఒక తల్లీ కూతురూ రావడం మొదలుపెట్టారు. జీడిమెట్లలో ఏదో రసాయనాల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ఆ పిల్ల నాన్న పోయాడు. ఆ రోజు ఆయనకు అన్నం డబ్బా తీసుకెళ్లింది ఆ పిల్లే. గేటు దగ్గర నిలబడి ఉండగా, కళ్లెదుటే జరిగింది. ఉన్న ఇంటికి కిరాయి కట్టలేక, తల్లి మా వీధిలో ఉన్న తన అన్న పంచన చేరి, కూలీలకు వంట చేసే చోట పనికి కుదిరింది. ఆ పిల్లది నా ఈడే. మాట్లాడేది కాదు. పిలిస్తే తల తిప్పేది, అంతే.

వచ్చిన రెండో ఆదివారమే నాయనమ్మ ఆ పిల్లను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నన్ను కాస్త వెనక్కి జరగమంది. జరిగాను. జరిగానే గానీ, నా కడుపులో మంట ఆ రోజు అంటుకున్నది చాలాకాలం ఆరలేదు. మీగడ తీసి నాకు పెట్టే నాయనమ్మ, ఇప్పుడు దాన్ని గిన్నెలో వేసి వాళ్లింటికి పంపేది. సాయంత్రం నా తల దువ్వే చేతులు ఆ పిల్ల జడ అల్లేవి. వాక్యం మాత్రం ఇంకా నేనే చదవాలి, అదీ వెనక నుంచి మెడ చాచి, ఆ పిల్ల భుజం మీదుగా. నాన్న పోయిన పిల్ల మీద కళ్లల్లో నిప్పులు పోసుకోవడం తప్పని నాకు తెలుసు. తెలిసే పోసుకున్నాను.

సంఘంలో అందరూ ఆ తల్లీకూతుళ్లను ప్రేమగానే చూశారు. అయితే మా ప్రేమ పద్ధతి మాది. అంతా దేవుని చిత్తమమ్మా అనేవారు. విశ్వాసులం, ఏడవకూడదు అనేవారు. కనబడిన ప్రతివాళ్లూ ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసేవారు. చెయ్యి పడగానే ఆ పిల్ల ఒళ్లు బిగదీసుకోవడం చూసి, ఆత్మ కదిలిస్తోంది అనుకునేవారు. అందరూ ఎదురుచూసింది మాత్రం సాక్ష్యం కోసం. మా చర్చిల్లో కష్టం దాటి వచ్చినవాళ్లు ముందుకొచ్చి, దేవుడు తమను ఎలా కాపాడాడో చెప్పాలి. రోగం తగ్గినా, ఉద్యోగం వచ్చినా చెప్పేవారు. అంత పెద్ద పేలుడులో గేటు దగ్గరున్న పిల్ల బతికి బయటపడిందంటే, అది చెప్పకుండా దాచుకోవడమేమిటని కొందరు గొణిగారు కూడా.

నాకు అక్కడ దారి దొరికింది. ఒక శనివారం నాన్నగారు ప్రసంగం రాసుకుంటుంటే వెళ్లి, ఆ పిల్ల రేపు సాక్ష్యం చెబుతానందని చెప్పాను. తను నాతో ఒక్క మాట కూడా అనలేదు. నోరు పెగలక పదిమందిలో అభాసుపాలైతే నాయనమ్మకు దాని మీద మోజు తగ్గుతుందని నా లెక్క. నాన్నగారి మొహం వెలిగిపోయింది. నన్ను మెచ్చుకున్నారు కూడా.

మర్నాడు పాటలయ్యాక నాన్నగారు ఆ పిల్లను ముందుకు పిలిచారు. తల్లికి ఏమీ అర్థం కాలేదు, నాయనమ్మకూ అర్థం కాలేదు. ఆ పిల్ల అలవాటైన విధేయతతో లేచి వెళ్లి నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ధైర్యం చెప్పాలని జనం చప్పట్లు కొట్టారు. స్తోత్రం, హల్లెలూయ అని కేకలు వేశారు. డోలక్ వాయించేవాడు ఊపుకోసం గట్టిగా నాలుగు దెబ్బలు వేశాడు. అంతే, ఆ పిల్ల చెవులు మూసుకుని కిందికి కుంగిపోయి, పాకుతూ వెళ్లి, తెల్లగుడ్డ కప్పిన ప్రభువు బల్ల కింద దూరింది.

రొట్టె, ద్రాక్షరసం పెట్టి పంచే ఆ బల్లను మేం పిల్లలం తాకడానికి కూడా వీల్లేదు. షెడ్డంతా గగ్గోలైంది. ఒక పెద్దాయన లేచి ఇది దురాత్మ పని అన్నాడు. ఇద్దరు ముగ్గురు బల్ల చుట్టూ చేరి చేతులు చాచి బిగ్గరగా గద్దించడం మొదలుపెట్టారు. తల్లి, “అయ్యగారూ, జర ఆపమనుండి, పిల్ల బుగులు పడ్డది” అని నాన్నగారి ముందు చేతులు జోడించింది. బల్ల గుడ్డ అంచు వణుకుతూ ఉంది. నాకు అప్పుడు భయమేసింది. నేను కోరుకున్నది ఇది కాదు అనుకున్నాను గానీ, నిజానికి కోరుకున్నది కొంచెం అటూ ఇటూగా ఇదే.

మా నాయనమ్మ మోకాళ్లు పట్టేసిన మనిషి. చాప మీద నుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ రోజు ఎవరినీ పిలవకుండా నేల మీద చేతులానించి తానే లేచి, నడిచి, బల్ల పక్కన నేల మీద చతికిలబడింది. గుడ్డ ఎత్తలేదు. లోపలికి చెయ్యి పెట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లను వెళ్లి కూర్చోమంది. నాన్నగారితో, “నువ్వు కూడా కూర్చోరా అబ్బాయ్. ఇవాళ్టికి దేవుడికి చెవుడేం రాలేదు” అంది. అందరూ కూర్చున్నారు. డోలక్ వాయించేవాడు డోలక్ తీసి గోడవారన పెట్టాడు.

చాలాసేపటికి గుట్ట వైపు నుంచి ఈల వినబడింది. నాయనమ్మ గుడ్డ వైపు వంగి, వాక్యం చదివినంత నిదానంగా చెప్పింది. “అమ్మా, అది బండలు పేల్చేవాళ్ల ఈల. ఇంకో రెండుసార్లు వేస్తారు. తర్వాత పెద్ద చప్పుడు వస్తుంది. రాళ్లు పగులుతాయి, అంతే. అందులో మనుషులెవరూ ఉండరు. నేను ఇక్కడే ఉన్నాను.”

అప్పుడు తట్టింది మాకు. అన్ని వారాలుగా ప్రతి మధ్యాహ్నం ఆ పిల్ల ఆ చప్పుడు వింటోంది. అది ఏమిటో ఒక్కళ్లమూ చెప్పలేదు. మాకు అలవాటే కదా అని ఊరుకున్నాం. నాయనమ్మ ఒక్కతే, చప్పుడైనప్పుడల్లా ఆ పిల్ల చాప పీచులు పీకడం చూసి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె కూడా చెప్పడం మాత్రం అదే మొదటిసారి. మూడో ఈల అయింది. చప్పుడు వచ్చింది, దుమ్ము రాలింది. కాసేపటికి గుడ్డ కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నాయనమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది. ఆ రోజు ప్రసంగం లేదు. ఆ పిల్ల తనంతట తాను బయటికొచ్చేదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ మోకాళ్లకు నూనె రాస్తూ నా అబద్ధం ఒప్పేసుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. వాళ్ల ఊళ్లో ఉప్పెన వచ్చిన సంగతి చెప్పింది. చేతిలో ఉన్న చంటిపిల్లను నీళ్లు లాక్కుపోయాక, మూడో వారం ఆమెను సంఘం ముందు నిలబెట్టారట. వాళ్లకు కావలసిన మాటలు చెప్పి, స్తోత్రం అని కూర్చుని, తర్వాత ఏడాదిపాటు చర్చి గడప తొక్కలేదట. “చెప్పగలిగినప్పుడు చెబుతుంది. చెప్పకపోయినా పిల్లే కదా. నీ చోటు అది అడగలేదమ్మా, నేనిచ్చాను. కోపముంటే నా మీద పెట్టుకో” అంది. ఆ తర్వాత నాకొక పని పెట్టింది. రోజూ బడికి పోయేముందు గుట్ట దగ్గరి మేస్త్రీని కలిసి, ఆ రోజు ఎన్ని పేలుళ్లో, ఏ వేళకో కనుక్కుని ఆ పిల్లకు చెప్పి వెళ్లాలి.

నాన్నగారు వాళ్లింటికి వెళ్లి తల్లిని క్షమాపణ అడిగారు. అప్పటి నుంచి మా చర్చిలో సాక్ష్యానికి ఎవరినీ పేరుపెట్టి పిలవలేదు. నెత్తిన చెయ్యి పెట్టేముందు పెట్టమంటారా అని అడగడం మొదలుపెట్టారు. తలకాయ ఊపకపోతే చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఆ పెద్దాయన మాత్రం బల్ల గుడ్డను రెండుసార్లు ఉతికిస్తే గానీ శాంతించలేదు.

నేను రోజూ వెళ్లి చెప్పేదాన్ని. మొదట్లో మొహం ముడుచుకునే చెప్పేదాన్ని. నెల దాటాక ఒకరోజు నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టుకుని వరసలో నిలబడి ఉన్నాం. ఆ పిల్ల నా వైపు తిరిగి, “నేను సాక్ష్యం చెప్తనని అయ్యగారికి నువ్వే చెప్పినవ్ గద” అంది. నాతో అన్న మొట్టమొదటి మాట అది. అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది. అవునన్నాను. నాయనమ్మ పక్కన నువ్వు కూర్చుంటే ఓర్వలేకపోయాను, చచ్చేంత కుళ్లుగా ఉంది, ఇప్పటికీ ఉంది అని కూడా చెప్పేశాను. నాలుగు తిడితే బాగుండునని చూశాను.

ఆ పిల్ల బిందె ముందుకు జరిపింది. “నాక్కూడ నిన్ను చూస్తే గట్లనే ఐతది. మీ నాయన రోజూ ఇంటికొస్తడు” అంది.

నా కుళ్లు మూట విప్పి ఆ మాట పక్కన పెట్టి చూసుకుంటే ఎంత చిన్నదో ఆ రోజు కనబడింది. అలాగని అది పూర్తిగా పోయిందని చెబితే అది కూడా దొంగ సాక్ష్యమే అవుతుంది. ఇప్పుడు నా తలా నెరిసింది, మా సంఘంలో పిల్లలు పెద్దమ్మా అంటున్నారు. దెబ్బ తిన్న మనిషి ఎవరైనా కొత్తగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే ఏం జరిగిందని అడగను, దేవుని చిత్తమని చెప్పను. కాస్త జరిగి చోటిస్తాను. జరిగేటప్పుడు నాలోని ఆ పన్నెండేళ్ల పిల్ల ఎక్కడో ఇంకా మూతి ముడుస్తూనే ఉంటుంది. ముడుచుకోనీ, జరగడం మాత్రం మానను.