తెర మీంచి మాయమైన తెల్ల పడవ

పాత నోట్లు రద్దయ్యాక వచ్చిన ఫిబ్రవరిలో, ఒక మంగళవారం ఉదయం ఆరుంబావుకి మా మావ ఎర్రయ్య ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేయడమే వింత. మంచికైనా చెడ్డకైనా ఆ ఇంటి నుంచి ఫోన్ చేసేది మా అత్తే.

"సూరిబాబూ, నిన్న మద్దేన్నం సముద్రంలో ఒక తెల్లమ్మ దొరికినాది. పడవలో ఒక్కర్తే ఉన్నాది. సుక్కాని ఇరిగిపోనాది. లాక్కొచ్చి ఇంట్లో ఎట్టుకున్నాం. రేతిరంతా ఏటో సెప్పి ఏడుస్తన్నాది. నువ్వు ఓడల్లో పన్జేసినోడివి, ఆ బాస తెలుస్తాది గదా. బేగి రా."

నిద్రమత్తు ఒక్క దెబ్బకి వదిలింది. దొరికిందట! చేపలు దొరుకుతాయి గానీ మనుషులు దొరకడమేమిటి? 'ఇంట్లో' అన్న మాట దగ్గర మరీ ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు విజయనగరంలో టీవీలూ మిక్సీలూ బాగుచేసుకుంటున్నాను గానీ, అంతకుముందు ఎనిమిదేళ్ళు విశాఖ రేవులో ఓడల రేడియోలు బాగుచేశాను. అక్కడి రూలు నాకు కంఠతా వచ్చు. విదేశం నుంచి సొంత పడవలో వచ్చినవాళ్ళు కనబడ్డ ఒడ్డునల్లా దిగడానికి లేదు. మా వైపైతే ముందు విశాఖ రేవుకే పోవాలి. పసుపు జెండా ఎత్తి, అధికారులు వచ్చి పాస్‌పోర్టు మీద ముద్ర వేసేదాకా పడవలోనే కూర్చోవాలి. ఈలోగా కాలు కింద పెడితే చొరబాటు కింద లెక్క. ఇంట్లో పెట్టుకున్నవాడి మీదా కేసే.

"మావా, పోలీసులకి చెప్పావా?"

"పోలీసులకేటి సెప్పడం? ఆవిడేటైనా దొంగతనం సేసినాదేటి?" అని పెట్టేశాడు.

నా భార్య రత్నం పక్కనే నిలబడి అంతా వింది. "నాన్నని తీసుకుపోతారా?" అని గుమ్మం దాకా మూడుసార్లు అడిగింది. పోరని చెప్పాను. నాకే నమ్మకం లేదు.

ఏడున్నరకి పలాస పాసింజరు ఎక్కాను. టిక్కెట్టుకి రెండు వేల నోటు ఇస్తే కౌంటర్లో అమ్మాయి నన్ను దొంగని చూసినట్టు చూసింది. జేబులన్నీ తడిమితే చిల్లర దొరికింది. చీపురుపల్లిలో బట్టల మూటలతో ఒక షావుకారు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, చెప్పేశాను.

"మా కొట్టుకి ఎవరొచ్చినా ముందు కూకోబెట్టి మంచినీల్లిస్తాం. ఎక్కడి నుంచొచ్చారని తరవాత అడుగుతాం. మీ మావగారు సేసినాదీ అదే గదండీ" అన్నాడాయన.

"కొట్టుకి సరిహద్దు ఉండదు కదండీ" అన్నాను.

"ఎందుకుండదండీ? గల్లాపెట్టె దాటి రానిస్తానేటి?"

తొమ్మిదింటికి ఆమదాలవలసలో దిగాను. దాన్నే శ్రీకాకుళం రోడ్ స్టేషనంటారు, ఊరు ఇంకా దూరం. షేర్ ఆటోలో శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు చేరి, నాలుగు ఇడ్లీ నిలబడే మింగి, పదింటికి కళింగపట్నం బస్సు పట్టుకున్నాను. ఎటు చూసినా జీడితోటలు, సరుగుడు తోపులు. మామూలుగా కిటికీ పక్కన కూర్చుని హాయిగా చూసుకునే దారి అది. ఆ రోజు కేసులు తప్ప నాకేమీ కనబడలేదు. మావ ఊరి పేరు మాత్రం రాయను. వ్యవహారం పోలీసుల దాకా వెళ్ళింది కదా.

బస్సు దిగి ఆటో ఎక్కి, పదకొండున్నరకి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దిగాను. మా వాళ్ళ ఫైబరు బోట్ల మధ్య ముప్ఫై అడుగుల తెల్ల తెరచాప పడవ లంగరు మీద ఊగుతోంది. తెరచాప కర్ర మీద ఉండాల్సిన రేడియో తీగ లేదు. లోపలికి తొంగిచూస్తే బ్యాటరీలు లేవు, రేడియో లేదు, దారి చూపే తెర లేదు. కోసిన వైర్లు మాత్రం చేపల పేగుల్లా వేలాడుతున్నాయి.

"మావా, ఏమైంది సామానంతా?" అని ఎదురొచ్చిన మావని అడిగాను.

"ఎక్కడికి పోద్ది? ఇంటికి తెచ్చీసినాం. ఒక్క మేకు పోనేదు" అన్నాడు మావ, ఛాతీ విరుచుకుని.

అప్పుడు వెలిగింది. మా రేవుల్లో వేట నుంచి వచ్చిన బోటులో ఏదీ వదలరు. ఇంజనూ, వలా, డీజిలు డబ్బా అన్నీ భుజాన వేసుకుని ఇంటికి మోసుకుపోతారు. అలా వదిలేసినవాడిని ఊరంతా వెర్రివాడంటుంది. చుట్టం పడవకి కూడా అంతే మర్యాద చేశారు. చేపల కత్తితో వైర్లు కోసి సామానంతా మోసుకొచ్చారు. పసుపు జెండాని అమ్మవారి మొక్కు అనుకుని కళ్ళకద్దుకుని మడతపెట్టారట!

అలా మోసుకొచ్చిన వాటిలో ట్రాన్స్‌పాండర్ కూడా ఉంది. అరచేతిలో పట్టే పెట్టె. పడవ పేరేమిటి, ఎక్కడుంది, ఎటు పోతోంది అన్నది ఆగకుండా రేడియోలో చెబుతూనే ఉంటుంది. ఒడ్డున కాపలా ఉన్నవాళ్ళకి తమ తెర మీద చిన్న ముక్కోణంలా ఆ పడవ కనబడుతుంది. సరిహద్దు దాటి వచ్చిన విదేశీ పడవ ఒకటి నిన్న సాయంత్రం సరిగ్గా ఒడ్డు దగ్గర తెర మీంచి మాయమైందన్న మాట. దొంగ సరుకు దించేవాళ్ళు చేసే పని అది.

ఇంటి పంచలో నులక మంచం మీద అరవై ఏళ్ళావిడ మా అత్త చీర చుట్టుకుని కూర్చుంది. పళ్ళెంలో అన్నం, చేపల కూర. నేను ఇంగ్లీషులో పలకరించేసరికి పళ్ళెం కింద పెట్టి నా రెండు చేతులూ పట్టేసుకుంది. పేరు మార్తా. థాయిలాండ్ నుంచి విశాఖ వస్తుంటే చుక్కాని విరిగిందట. మూడు రోజులు కొట్టుకుపోయిందట, రేడియోలో పిలిచినా అందేంత దగ్గర్లో ఎవరూ లేరట. దిగకూడదని ఎన్ని సైగలు చేసినా వీళ్ళు వినలేదట.

"సిగ్గుపడతన్నాదనుకున్నాం బాబూ. ఎత్తుకుని దించినాం" అంది మా అత్త.

పన్నెండున్నరకి మెరైన్ పోలీసుల జీపు రానే వచ్చింది. ఎస్సై గారు కుర్రాడు, మాట నెమ్మది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మావకి తెలుగే చాలు, మార్తాకి నేను కావాలి. అందుకని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ప్రమాదంలో ఉన్న పడవ ఏ ఒడ్డుకైనా చేరొచ్చు, రూల్లోనే ఆ వెసులుబాటు ఉంది, అదే పట్టుకున్నాను. చుక్కాని విరిగింది సార్, అన్నాను.

ఎస్సై గారు పడవ దాకా వెళ్ళి చూసి వచ్చారు. "చుక్కాని శుభ్రంగా ఉంది కదండీ."

కోసిన వైర్ల హడావుడిలో నేనది చూడనే లేదు. మావ మాత్రం సంతోషంగా తలూపాడు. "పొద్దున్నే వడ్రంగిని పిలిసి టేకుసెక్కతో కొత్తది ఏయించినాను బాబూ. ఇరిగినదానికన్నా గట్టిగున్నాది."

"విరిగింది ఎక్కడ?"

మావ మా అత్త వైపు చూశాడు. అత్త పొయ్యి వైపు చూసింది. మార్తాకి చేపల కూర వండింది ఆ చెక్కతోనేనట! నెత్తి కొట్టుకోవాలో నవ్వాలో తెలియలేదు. కట్టెలు తడిసిపోతే మరేటి సెయ్యమంటావని అత్త నామీదే విసుక్కుంది. నిప్పుల్లోకి పట్టకారు పెట్టి వెతికి, సగం కాలిన మొద్దు ఒకటి లాగి నీళ్ళు చల్లింది. చివర నీలం రంగు ఇంకా ఉంది. రెండు ఇత్తడి మేకులూ, పేడు లేచిన విరుపూ అలాగే ఉన్నాయి. పడవ వెనక రంగూ అదే నీలం. ఎస్సై గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫొటో తీసి, సంచిలో వేయించారు. చుక్కాని సంగతి తేలిపోయింది.

అంతలోనే అసలు ప్రశ్న అడిగారు. "వైర్లు ఆమె కోయించిందా, మీవాళ్ళు కోశారా? ఆమెనడగండి."

ఆవిడే కోయించిందంటే ఆవిడ పడవ జప్తు. వీళ్ళంతట వీళ్ళే కోశారంటే మావ మీద దొంగతనం కేసు. రెంటిలో దేన్ని నా నోటితో పలకాలి? చెప్పకేం, తప్పుగా తర్జుమా చేద్దామా అని కూడా ఒక క్షణం అనిపించింది. నేను తేల్చుకోకముందే మావ లేచి నిలబడ్డాడు.

"నానే కోసినాను బాబూ. ఆవిడ వద్దు వద్దంటానే ఉన్నాది."

ఆ మాట మార్తాకి చెప్పాను, ఉన్నది ఉన్నట్టే. ఆవిడ చీర చెంగు పక్కకి తీసి మెడలోని దారం పైకి లాగింది. దానికి తాళంచెవి వేలాడుతోంది. "దోచుకుంటున్నారనే ఏడ్చాను. అన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేసి, చెవి నా మెడలోనే కట్టాడు. పొద్దున తీసి లెక్కపెట్టుకున్నాను. నా టీ చెంచాలు కూడా ఉన్నాయి" అంది.

ఎస్సై గారు ఆ తాళంచెవికి కూడా ఒక ఫొటో తీశారు. తర్వాత మావని అడిగారు. "మాకు ఒక్క మాట చెప్పకుండా ఎందుకు లాక్కొచ్చావు పెద్దాయనా? పడవలో ఏముందో తెలియదు, ఎవరిదో తెలియదు."

"ఒంటరిగా కొట్టుకుపోతన్న పడవని సూసి మీకు ఫోన్ సేసుకుంటా కూకోమంటావేటి? నా కొడుకు అప్పన్న మూడేల్ల కింద ఏటకెల్లి అలగే కొట్టుకుపోనాడు బాబూ. ఆడి పడవని ఎవలైనా సూసినారో నేదో. సూసినోడు ఎవలిదోనని ఒగ్గీసినాడో."

ఎస్సై గారు కాగితం తీసుకుని, ప్రమాదంలో ఉన్న పడవని ఒడ్డుకు చేర్చారనీ, సామాను భద్రంగా ఉందనీ రాసి మావ చేత వేలిముద్ర వేయించారు. మర్నాడు మార్తా పడవని పోలీసు బోటు వెంట విశాఖ తీసుకెళ్ళాలి, ముద్ర పడేదాకా ఆవిడ పడవ దిగకూడదు. మావ మీద కేసు లేదు. నేను వైర్లు కలిపి, బ్యాటరీ తగిలించి, పెట్టె వెలిగించాను. పది నిమిషాలకి ఎస్సై గారు తన ఫోన్లో చూపించారు. మా ఒడ్డు గీత పక్కన చిన్న ముక్కోణం. ఊరంతా ఆ ఫోన్ మీద పడింది.

మా అత్త అందరినీ తోసుకుంటూ వచ్చి వంగి చూసింది. "పడవ ఎక్కడున్నా ఇందులో కనిపిస్తాదేటి బాబూ?"

"ఆ పెట్టె ఉంటే కనిపిస్తుందమ్మా."

"మరి మా అప్పన్న బోటు సూపించు."

ఎస్సై గారు నా వైపు చూశారు. ఆ బోటుకి పెట్టె లేదత్తా అని చెప్పాల్సింది నేనే, చెప్పాను. "ఎందుకు ఎట్టనేదు?" అంది. నన్ను తప్పుపట్టి కాదు, తెలియకే అడిగింది.

నాలుగున్నర బస్సుకి బయల్దేరాను. ఆరున్నరకి ఆమదాలవలసలో రైలు. ఈ తీరానికి పడవలో రావాలనుకునేవాళ్ళకి నా అనుభవంతో చెప్పేది ఇదీ: ముందు విశాఖ వెళ్ళండి, పెట్టె ఆర్పకండి. మా రేవులో చిక్కుకుంటే మాత్రం సామాను గురించి బెంగపడకండి. అయితే ఒకటి, విరిగినదేదైనా ఉంటే వంట మొదలవకముందే దాచుకోండి.

పొందూరు దాటాక రత్నం ఫోన్ చేసింది. నాన్నని వదిలేశారని చెబితే నవ్వుతూనే ఏడ్చేసింది. అమ్మ ఏమంది అని అడిగింది. చేపల కూర వండింది అన్నాను. ఎనిమిదేళ్ళలో ఎన్ని ఓడలకి ఆ పెట్టెలు నా చేత్తో బిగించానో లెక్కలేదు. పాతవి తీసి పక్కన పడేస్తే ఇంటికి తెచ్చుకుని పాటల రేడియోలకి విడిభాగాల కోసం విప్పుకున్నాను కూడా. సొంత బావమరిది రోజూ సముద్రం మీదికి పోతుంటే ఒకటి వాడి బోటుకి బిగిద్దామని నాకు తట్టలేదు. అడగడానికి వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. ఆ మాట రత్నానికి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివాకే ఆమెకి తెలుస్తుంది.