వాగు పొంగిన నెల

మా చిన్నప్పుడు... పెరట్లో తాటాకు పాకలో ఈతచాప పరిచి ఉందంటే, మా చిన్నమ్మ ఆ నెల కూడా ఓడిపోయిందని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది.

టేకులపల్లి అవతల, అడవి అంచున మా ఊరు. ఎనభైల నాటి మాట. బయట చేరిన ఆడవాళ్ళు తలకు పోసుకునేదాకా ఆ పాకలోనే ఉండాలి. సత్తు పళ్ళెంలో అన్నం పట్టుకెళ్ళి, తగలకుండా గడప దగ్గర పెట్టి రావడం నా పని. మా అమ్మ కూర్చుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు... చిన్నమ్మ కూర్చుంటే మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టే ఉండేది. పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండలేదు మరి.

బాబాయి మణుగూరు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. క్వార్టర్ ఇంకా రాలేదు. నెలకోసారి రెండు రోజులు ఇంటికి వచ్చేవాడు. ఎప్పుడు రావాలన్నది ఆయన చేతిలో లేదు, నాయనమ్మ చేతిలో ఉండేది. చిన్నమ్మ తలకు పోసుకున్న పొద్దున్నే బస్సు కండక్టర్‌తో కబురు... "మా చిన్నోణ్ణి జల్దీ రమ్మను బిడ్డా!" కండక్టర్ నవ్వు ఆపుకుంటూ తల ఊపేవాడు. మా ఇంటి గుట్టు బస్సెక్కి ఊరేగేది.

నాయనమ్మ నమ్మకం ఒకటే... వాన పడిన వెంటనే విత్తనం చల్లాలి, పదును పోతే మొలవదు. పొలానికైనా అంతే, ఆడమనిషికైనా అంతేనట.

ఆ ఏడు శ్రావణంలో ఆమె తేల్చి చెప్పేసింది. "గీ ఒక్క నెల జూస్త. గాకపోతే పినపాకల పిల్ల ఉన్నది, మాట్లాడుడే. నా కొడుక్కు పిల్లాజెల్లా వద్దా ఏంది?"

చిన్నమ్మ అప్పుడు పాకలోనే ఉంది, అంతా వింది. నేను పెట్టిన అన్నం సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది...

సరిగ్గా ఆమె తలకు పోసుకున్న రోజే వాన పట్టుకుంది. కుండపోత! ఊరి ముందరి వాగు పొంగి దారి మునిగిపోయింది. బస్సు రాదు, కబురు పోదు. చిన్నమ్మ తడి జుట్టు ఆరబెట్టుకోవడం కూడా మరిచి, అరుగు మీద నిలబడి వాగు చప్పుడే వింటూ ఉండేది. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

వారం దాటాక గానీ వాగు తగ్గలేదు. అప్పటికి గానీ కబురు అందని బాబాయి మోకాళ్ళ దాకా బురదతో దిగాడు. నాయనమ్మ కాళ్ళకు నీళ్ళైనా ఇవ్వలేదు.

"ఇప్పుడొచ్చి ఏం ఫాయిదారా? పదును పాయె. రేపు పినపాక పోయి పిల్లను జూసొద్దాం."

బాబాయి నోరు తెరవలేదు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

నోరు తెరిచింది మార్తమ్మ... మా ముందు గదిలో కిరాయికి ఉండే నర్సు.

"ఆగు పెద్దమ్మా. నీ కోడలికి పదును పోలే, ఇప్పుడే వస్తున్నది."

"ఏందమ్మా నువ్వనేది? తలకు పోసుకొని వారం దాటె!"

"అవ్, గందుకే చెప్తున్న. ముట్టు ఆగిన ఎంబడే గుడ్డు తయారుగ ఉండది. శానమందికి నెల నడుమ విడుదలైతది. ఒక్క దినం బతుకుతది, గంతే. అప్పటికి మొగని విత్తనం అందితేనే రెండూ కలిసి బిడ్డయితది. అందకపోతే, ఆ బిడ్డ కోసమని గర్భసంచి పరుచుకున్న మెత్తటి పక్క అక్కరలేక రాలిపోతది. గదే ముట్టు. నువ్వేమో గుడ్డు రాకముందే కొడుకును పిలుస్తున్నవ్... అది వచ్చేటాళ్లకు ఆయన బాయిల ఉంటున్నడు."

"గుడ్డు పెట్టనీకె అదేమన్న కోడా?" అని విసుక్కుంది నాయనమ్మ. కానీ మా తమ్ముడికి పురుడు పోసింది మార్తమ్మే. ఆమె మాట తీసెయ్యడం నాయనమ్మ వల్ల కాలేదు.

"సరే, మళ్ల బయట కూసునేదాక ఆగుత. కూసున్న మర్నాడే పినపాక బస్సెక్కుత!"

బాబాయి ఇంకో రెండు రోజులు ఉండి వెళ్ళాడు.

ఇక మొదలైంది అసలు యాతన... అందరి కళ్ళూ పాక మీదే. గోడకు ఆనించిన చాప వైపు చూడకుండా ఎవరూ పెరట్లోకి వెళ్ళేవారు కాదు. ఒక పొద్దున చిన్నమ్మ పొత్తికడుపు పట్టుకుని లేచి, వెళ్ళి చాప పరుచుకుంది. నాయనమ్మ పెట్టె తెరిచి మడత చీర బయటికి తీసింది.

నేను అన్నం పట్టుకుని పరిగెత్తాను. "వచ్చిందా చిన్నమ్మా?"

"రాలే బిడ్డా... నొప్పి ఉన్నది. వస్తదేమోనని పానమంత గుబులుగున్నది."

ఆ రోజంతా కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. ఆ మర్నాడు తనే చాప చుట్టేసి ఇంట్లోకి నడిచొచ్చింది. నాయనమ్మ గయ్యిమంది... "తలకు పోసుకోకుండ లోపలికెట్ల వస్తవే?"

"పోసుకునేటందుకు నాకేం కాలేదు అత్తమ్మా."

చిన్నమ్మ గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. నాయనమ్మ మడత చీర మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది. "వాగు తల్లి ఇచ్చిన బిడ్డ" అని నాయనమ్మే గంగ అని పేరు పెట్టింది. మార్తమ్మ చెప్పింది నిజమని చచ్చేదాకా ఒప్పుకోలేదు... కానీ గంగకు పాలు మాన్పించాక, కొడుక్కి కబురు మాత్రం వారం ఆగి పంపేది!

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది, ఎంత వానొచ్చినా బస్సు ఆగదు. పాక ఎప్పుడో కూలిపోయింది. నా కూతురు వాళ్ళ నాన్న ముందే ఫోన్ చూసుకుని తన డేట్ చెబుతుంది. వింటుంటే ఎంత హాయిగా ఉంటుందో...

ఒక్కటే బాధ. నాలుగేళ్ళు గొడ్రాలన్న నోళ్ళే ఆ తర్వాత వాగును మెచ్చుకున్నాయి. "తప్పు నీది కాదమ్మా" అని మాత్రం చిన్నమ్మతో ఒక్కరూ అనలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలా వానవల్లో, తప్పిపోయిన బస్సువల్లో పుట్టినవాళ్ళు ఉండే ఉంటారు. ఉంటే రాయండి... వాళ్ళను కన్నతల్లి పేరు కూడా రాయండి.

మా చిన్నమ్మ పేరు సరోజన.